రచ్చ గెలవని తెలుగు పాట

ఏటా సెప్టెంబరులో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ నగరంలో, ఫార్టిట్యూడ్ వ్యాలీ అనే పేటలో, మూడు నాలుగు రోజులపాటు ఒక సంత జరుగుతుంది. అక్కడ అమ్మకానికి పెట్టేది పాట. దాని పేరు బిగ్‌సౌండ్. 2002లో మొదలైంది. క్వీన్స్‌లాండ్ రాష్ట్ర సంగీత పరిశ్రమ సంస్థ క్యూమ్యూజిక్ దాన్ని నడుపుతోంది. పగలు సదస్సులు, ముఖాముఖి భేటీలు. పొద్దుగూకాక కూతవేటు దూరంలోని బార్లలో, చిన్న హాళ్లలో వందకు పైగా బృందాల ప్రదర్శనలు. ఒక్కో బృందానికి దొరికేది సుమారు అరగంట. ఆ కాస్త వ్యవధిలోనే మైకులు సరిచూసుకోవాలి, ఐదారు పాటలు పాడాలి, తీగలు చుట్టుకుని, డ్రమ్ములు మోసుకుని వేదిక దిగాలి. ఎదురుగా ఉన్నవాళ్లలో చాలామంది మెడలో గుర్తింపు కార్డు వేలాడుతుంటుంది. రెండో పాట సగంలో ఉండగానే వాళ్లు పక్క హాలుకు నడిచి వెళ్లిపోవచ్చు. ఎవరూ తప్పుపట్టరు. వాళ్లొచ్చింది సరుకు చూడటానికి.

ఆ కార్డుల వాళ్లలో లండన్ బుకింగ్ ఏజెంటు ఉంటాడు. వచ్చే వేసవికి బృందాలను వెతుక్కుంటున్న ఐరోపా ఫెస్టివల్ నిర్వాహకురాలు ఉంటుంది. టీవీ సీరియళ్లకూ, ప్రకటనలకూ పాటలు ఏరే అమెరికన్ ఉంటాడు. వీళ్లలో పలువురిని నిర్వాహకులే పిలిపించుకుంటారు. ఆ ఖర్చులో రాష్ట్ర, కేంద్ర ప్రభుత్వాల గ్రాంట్ల వాటా ఉంటుంది. మామూలు సంగీతోత్సవానికీ ఇలాంటి షోకేస్ ఫెస్టివల్‌కూ తేడా ఇదే. మొదటిది టికెట్టు కొన్న శ్రోత కోసం నడిస్తే, రెండోది వందలాది శ్రోతల దగ్గరకు ఆ బృందాన్ని తీసుకెళ్లగల మనిషి కోసం నడుస్తుంది. ఆ రాత్రి పాడిన వాళ్లకు దక్కే పారితోషికం నామమాత్రం. లెక్కంతా తర్వాత రెండు మూడేళ్లలో తేలుతుంది.

ఆస్ట్రేలియా సంగీత వ్యాపారంతో మనకు పనేమిటని అడిగేవాళ్లకు ఒక లెక్క చెప్పాలి. 2016 జనగణన నాటికి ఆస్ట్రేలియాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు 34 వేల పైచిలుకు. 2021 నాటికి 59 వేలు దాటారు. ఐదేళ్లలో 70 శాతానికి మించిన పెరుగుదల. మన సినీ సంగీత దర్శకులు, గాయకులు మెల్‌బోర్న్, సిడ్నీ వేదికలెక్కడం ఇప్పుడు వార్త కూడా కాదు. హాళ్లు నిండుతున్నాయి, ఈలలు మోగుతున్నాయి. అయినా ఆ హాలు పక్క వీధిలో కాపురముంటున్న సగటు ఆస్ట్రేలియన్‌కు ఆ రాత్రి తన ఊళ్లో ఏం జరిగిందో తెలియదు. తెలుగు పాట ఆస్ట్రేలియాకు వెళ్తోంది గానీ ఎగుమతి కావడం లేదు.

ఈ కచేరీల నడక చూడండి. తెలుగు సంఘమో, తెలుగు ఈవెంట్ సంస్థో నిర్వహిస్తుంది. ఇళ్ల స్థలాల ఏజెంట్లు, వీసా కన్సల్టెంట్లు, కిరాణా దుకాణాల వాళ్లు స్పాన్సర్లుగా ఉంటారు. టికెట్లు వాట్సాప్ గ్రూపుల్లోనే అయిపోతాయి. వచ్చేది తెలుగువాళ్లు, పాడేది తెలుగువాళ్లు, మధ్యలో భోజనం పొట్లం కూడా మనదే. ఇంటిమీద బెంగ పెట్టుకున్న వాళ్లకు అది అవసరమే, ఆ మాట కాదనే పని లేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మనం ఇంటిని కూడా విమానమెక్కించి తీసుకెళ్లి, ఆ ఇంట్లోనే మళ్లీ గెలిచి వస్తున్నాం. తెలుగు జేబులోని డాలరు మరో తెలుగు జేబులోకి మారుతోంది. కొత్త శ్రోత ఒక్కడూ చేరడం లేదు.

ఆస్ట్రేలియా వాళ్లకు మాత్రం మొదటినుంచీ వేరే దారి లేదు. ఖండమంత దేశం, జనాభా రెండున్నర కోట్ల పైచిలుకు. 2011 లెక్కల ప్రకారమే మన రెండు రాష్ట్రాల జనం ఎనిమిదిన్నర కోట్లకు దగ్గర. సిడ్నీలో, మెల్‌బోర్న్‌లో, బ్రిస్బేన్‌లో రెండేసి సార్లు పాడేసరికి ఒక బృందానికి దేశం అయిపోతుంది. లండన్ చూస్తే 17 వేల కిలోమీటర్ల అవతల. పూర్వం దీనికి వాళ్లు కనిపెట్టిన మందు వలస. గిటార్లు సంచిలో పెట్టుకుని బ్రిటన్ వెళ్లిపోవడమే. బ్రిస్బేన్ కుర్రాళ్ల బృందం ది సెయింట్స్ 1976లో సొంత డబ్బుతో ఒక పాటను రికార్డు చేసుకుని, అచ్చు వేయించిన కొద్ది వందల కాపీల్లో కొన్నింటిని ఇంగ్లండ్ పత్రికలకు టపాలో పంపింది. అక్కడి సంగీత పత్రిక ఒకటి ఆకాశానికెత్తింది. అప్పుడుగానీ లండన్ ఈఎంఐ నుంచి సిడ్నీ శాఖకు ఆ బృందంతో ఒప్పందం రాసుకోమని కబురు రాలేదు. సొంత ఊళ్లో ఆ కుర్రాళ్లను పట్టించుకున్నవాళ్లు తక్కువ. టపా బిళ్ల ఖర్చుతో జరిగిన ఎగుమతి అది. అలాంటి అదృష్టం ఎందరికి పడుతుంది?

అదృష్టం చోట ఏర్పాటు ఉండాలని ఆ దేశం తేల్చుకోవడానికి మరో మూడు దశాబ్దాలు పట్టింది. 2009లో సౌండ్స్ ఆస్ట్రేలియా పుట్టింది. స్వరకర్తల హక్కుల సంఘం ఆప్రా అమ్‌కోస్, ప్రభుత్వ కళామండలి ఆస్ట్రేలియా కౌన్సిల్ కలిసి పెట్టిన ఎగుమతి విభాగమిది. మొదటినుంచీ దాని బాధ్యత చూసింది మిల్లీ మిల్‌గేట్. అమెరికాలో ఆస్టిన్ నగరపు సౌత్ బై సౌత్‌వెస్ట్, ఇంగ్లండ్‌లో బ్రైటన్ పట్టణపు ది గ్రేట్ ఎస్కేప్, జర్మనీలో హాంబర్గ్ నగరపు రీపర్‌బాన్ వంటి షోకేస్ ఫెస్టివళ్లలో తమ దేశపు బృందాలన్నిటినీ ఒక గొడుగు కిందికి తేవడం ఆ విభాగం పని. ఆస్టిన్‌లో వాళ్లు పెట్టే ‘ఆసీ బార్బెక్యూ’కు మంచి పేరు. మాంసం కాలుస్తుంటారు, బీరు పోస్తుంటారు, ఒకదాని వెంట ఒకటిగా ఆస్ట్రేలియా బృందాలు పాడుతుంటాయి. తిండికని వచ్చిన ఏజెంటు పాట విని వెళ్తాడు. మరుసటి ఏడు అదే మనిషి మళ్లీ వస్తే, ఎదురుగా అదే మిల్‌గేట్ నిలబడి ఉండేది.

ఆ చివరి ముక్కే మన ప్రభుత్వ శాఖలకు అంత సులువుగా తలకెక్కదు. పరిచయాలు ఏడాదికొక అధికారి మారే చోట పెరగవు. ఫలానా ఏజెంటుకు ఎలాంటి పాట నచ్చుతుంది, ఫలానా ఫెస్టివల్ వాళ్లు ఏ నెలలో బృందాలను ఖాయం చేసుకుంటారు, మాటిచ్చి తప్పేది ఎవరు లాంటి సంగతులు ఏ ఫైల్లోనూ ఉండవు. పదేళ్లు ఒకే సీట్లో ఉన్న మనిషి తలలో ఉంటాయి. 2023 జనవరిలో ఆల్బనీజ్ ప్రభుత్వం ‘రివైవ్’ పేరిట సాంస్కృతిక విధానం ప్రకటించి, అందులో భాగంగా మ్యూజిక్ ఆస్ట్రేలియా అనే కొత్త సంస్థను నెలకొల్పింది. దాని తొలి డైరెక్టరుగా తెచ్చింది ఎవరినో కాదు, ఆ మిల్‌గేట్‌నే. అంతకుముందు 2019లో మొనాష్, న్యూకాసిల్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు ఆ దేశ సంగీత ఎగుమతుల విలువను 19.5 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లుగా అంచనా కట్టారు. ఇనుప ఖనిజం, బొగ్గు అమ్ముకునే దేశానికి అదొక లెక్క కాదు. కానీ పాటను కూడా ఎగుమతి పద్దులో రాసుకోవచ్చని ఒక ప్రభుత్వానికి తట్టడం చిన్న సంగతి కాదు.

రెండు ఉదాహరణలు చూస్తే ఇదంతా ఎలా పనిచేస్తుందో బోధపడుతుంది. స్టెల్లా డానెలీ పెర్త్ నగరపు గాయని. చేతిలో గిటారు, సొంతంగా రాసుకున్న పాటలు. 2017 బిగ్‌సౌండ్‌లో 25 వేల డాలర్ల లెవీస్ సంగీత బహుమతి తొలిసారి ఇస్తే అది ఆమెకే దక్కింది. కళాకారులు విదేశాలకు అడుగు వేయడానికి ఉపయోగపడాలన్నది ఆ సొమ్ము ఉద్దేశం. ఆ తర్వాత అమెరికన్ కంపెనీ సీక్రెట్లీ కెనేడియన్ ఆమెతో ఒప్పందం చేసుకుంది, 2019లో తొలి ఆల్బం విడుదల చేసింది. రెండో ఉదాహరణ కోర్ట్నీ బార్నెట్. 2012లో మెల్‌బోర్న్‌లో మిల్క్ రికార్డ్స్ అని సొంత కంపెనీ పెట్టుకుని తన పాటలు తానే బయటికి తెచ్చింది. 2013 అక్టోబరులో న్యూయార్క్ సీఎంజే షోకేస్‌లో పాడాక అమెరికా పత్రికలు ఆమెవైపు తిరిగాయి. 2016 గ్రామీల్లో ఉత్తమ నూతన కళాకారుల విభాగంలో నామినేషన్ వచ్చింది. ఇద్దరూ పాడింది ఎవరి పాట? తమ పాట. హక్కులు ఎవరి చేతిలో ఉన్నాయి? బార్నెట్ విషయంలో అప్పట్లో కంపెనీ కూడా తనదే.

తెలుగు సమస్య ఇక్కడే మొదలవుతుంది. మనకు గొంతులకు కొదవలేదు. స్వరాలకు కొదవలేదు. కానీ మన దగ్గర పాట సినిమాది. బాణీ ఒకరిది, మాట ఇంకొకరిది, గొంతు మరొకరిది, రికార్డింగ్ హక్కు ఆడియో కంపెనీది, తెర మీద పెదవులు హీరోవి. షోకేస్‌లో కొనుగోలుదారు అడిగే మొదటి ప్రశ్న ‘ఇది ఎవరి పాట?’ అని. దానికి వేదిక మీదున్న మనవాడి దగ్గర జవాబు ఉండదు. అరగంట సేపు పదిమంది సంగీత దర్శకుల పాటలు అందంగా పాడిన గాయకుడిని బిగ్‌సౌండ్ లాంటి చోట మంచి పెళ్లి బ్యాండు కిందే జమకడతారు. వినడానికి కటువుగా ఉన్నా ఆ వ్యాపారం తీరు అదే.

2023 మార్చి 12న ఆస్కార్ వేదికపై రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ ‘ఆర్ఆర్ఆర్’ సినిమాలోని ‘నాటు నాటు’ పాడారు. కీరవాణి, చంద్రబోస్ బహుమతి అందుకున్నారు. తెలుగు పాటకు అంతకంటే పెద్ద షోకేస్ ఈ భూమ్మీద లేదు. ఆ రాత్రి తర్వాత ప్రపంచం కోరింది ఆ పాటను, ఆ చిందును, ఆ సినిమాను. ఆ గాయకుల తర్వాతి సొంత ఆల్బం ఏదని అడగలేదు, ఎందుకంటే మన పరిశ్రమలో అలాంటి ప్రశ్నకు చోటే లేదు. రాహుల్ విషయంలో ఇది మరీ చివుక్కుమనిపిస్తుంది. ఆయన మొదట పేరు తెచ్చుకున్నది హైదరాబాదీ యాసలో సొంతంగా చేసుకున్న యూట్యూబ్ పాటలతోనే. చౌరస్తా బృందంలోని రామ్ మిరియాల కథా అటువంటిదే. జానపదపు నడకకు రెగే లయ కలిపి ఆ బృందం సొంత పాటలు కట్టింది. 2021లో ‘జాతిరత్నాలు’ వచ్చింది, రామ్ సినిమా గాయకుడయ్యాడు. ఆయనకు మంచే జరిగింది. సినిమా పిలిస్తే వద్దనే స్థితిలో మన కుర్రాళ్లను మనం ఉంచలేదు కూడా. అయితే విదేశీ నిర్వాహకుడి ముందు నిలబెట్టడానికి పనికొచ్చే బృందం తయారయ్యే లోపే దాన్ని సినిమా మింగేస్తోంది.

ఇంతకీ ఆస్ట్రేలియాలో మన పాట సంపాదించే రూపాయి కూడా సరిగా ఇల్లు చేరుతోందా? అక్కడ ఏ హాల్లో పాట పాడినా నిర్వాహకుడు ఆప్రా అమ్‌కోస్‌కు లైసెన్సు రుసుము కట్టాలి. ఏ పాటలు పాడారో పట్టిక ఇవ్వాలి. ఆ పట్టికను బట్టి సొమ్ములో మన రచయితల, స్వరకర్తల వాటా భారతదేశంలోని హక్కుల సంఘం ఐపీఆర్ఎస్ ద్వారా వాళ్లకు చేరాలి. సినిమా పాటల రచయితలకు, స్వరకర్తలకు రాయల్టీ వాటాను ఎవరూ రాయించుకోలేకుండా 2012 కాపీరైట్ సవరణ చట్టం కాపాడింది. చట్టం ఉంది, గొట్టం ఉంది, అందులో నీళ్లు పారాలంటే ఒక చిన్న కాగితం కావాలి. ముప్ఫై పాటల కచేరీ ముగిశాక అర్ధరాత్రి హాలు తాళాలు అప్పగించే హడావుడిలో ఉన్న స్వచ్ఛంద కార్యకర్త ఆ పట్టికలో ‘మెలొడీ మెడ్లీ’, ‘మాస్ మిక్స్’ అని రాసి ఇచ్చాడనుకోండి, ఆ డబ్బు ఏ రచయితదో కంప్యూటరుకు తెలియదు. ఒకే పాట పేరును ఇంగ్లిషు అక్షరాల్లో నలుగురు నాలుగు రకాలుగా రాసినా అంతే. స్వరకర్త పేరు, రచయిత పేరు, సినిమా పేరు సరిగా రాసిన ఒక్క పేజీ విలువ మన సంఘాలు శాలువాల మీద పెట్టే ఖర్చు కంటే ఎక్కువ. దీనికి ఏ ప్రభుత్వ అనుమతీ అక్కర్లేదు, వచ్చే ఉగాది నుంచే మొదలుపెట్టవచ్చు.

సినిమా బయట తెలుగు నేల నుంచి రచ్చ గెలిచినవాళ్లు లేకపోలేదు. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ 14 ఏళ్ల వయసులో, 1983లో, బెర్లిన్ జాజ్ ఉత్సవంలో మాండొలిన్ పట్టుకుని కర్ణాటక సంగీతం వాయించాడు. జాజ్ వినడానికి వచ్చిన జనం ఆ కుర్రాడికి మొక్కారు. పీటర్ గేబ్రియెల్ స్థాపించిన రియల్ వరల్డ్ కంపెనీ నుంచి 1995లో మైకేల్ బ్రూక్‌తో కలిసి ‘డ్రీమ్’ ఆల్బం వచ్చింది. జాన్ మెక్‌లాఫ్లిన్ బృందం ‘రిమెంబర్ శక్తి’లో శ్రీనివాస్ భాగమయ్యాడు. షోకేస్ ఫెస్టివల్ చేసేదేమిటో చెప్పడానికి ఇంతకంటే చక్కని తెలుగు ఉదాహరణ దొరకదు. సొంత వాద్యం, సొంత బాణీ, సరైన వేదిక, ఎదురుగా సరైన చెవులు. ఈ కథలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ శాఖ ఒక్కటీ కనిపించదు. ఒక్క పిల్లవాడి ప్రతిభ దారి చేసుకుంది, 2014లో ఆయన వెళ్లిపోయాక ఆ దారిన నడిపించేందుకు మన దగ్గర సంస్థ లేదు.

ప్రభుత్వానికి కళాకారుల మీద డబ్బు పెట్టడం రాదని అనలేం. తెలంగాణ సాంస్కృతిక సారథిలో 550 మంది కళాకారులను జీతాల మీద తీసుకున్నారు. దేశంలో ఇంకే రాష్ట్రం అంత సాహసం చేసింది? అయితే వాళ్లతో ఎక్కువగా పాడించింది ప్రభుత్వ పథకాల పాటలు. మన రాయబారులు, సాంస్కృతిక సంబంధాల మండలి విదేశాలకు బృందాలను పంపే పద్ధతి మరో తరహా. 2016లో ‘కాన్‌ఫ్లుయెన్స్’ పేరుతో ఆస్ట్రేలియా నగరాల్లో భారతోత్సవం జరిగింది. అలాంటివి స్నేహానికి పనికొస్తాయి. కానీ ఆహ్వానితుల వరసలో ఉండేది దౌత్యాధికారులు, మంత్రులు, సంఘాల పెద్దలు. దీపం వెలిగిస్తారు, పూలగుత్తి ఇస్తారు, ఫొటో దిగుతారు. వచ్చే ఏడాది మళ్లీ రమ్మని చెక్కు రాసే మనిషి ఆ హాల్లో ఉండడు.

కిన్నెర కళాకారుడు దర్శనం మొగులయ్య సంగతి తీసుకోండి. నాగర్‌కర్నూల్ జిల్లా అవుసలికుంట. ఎండిన సొరకాయ బుర్రలు, వెదురు బొంగు, మైనంతో నిలబెట్టిన పన్నెండు మెట్లు, వేలికొసల కింద తీగల రొద, దాని మీద పండుగ సాయన్న వీరగాథ. 2021లో ‘భీమ్లా నాయక్’ పాటతో రాష్ట్రమంతటికీ తెలిశాడు, 2022లో పద్మశ్రీ వచ్చింది, కోటి రూపాయల నజరానా ప్రకటించారు. 2024లో ఆయన తుర్కయాంజల్ దగ్గర కూలిపనికి వెళ్తున్న ఫొటో పత్రికల్లో పడింది. మనం ఇచ్చింది సన్మానం, ఆయనకు కావలసింది సంవత్సరానికి నలభై కచేరీలు. అడిలైడ్‌లో 1992 నుంచి వోమడిలైడ్ జరుగుతోంది. మెల్‌బోర్న్‌లో 2008లో ఆస్ట్రలేసియన్ వరల్డ్ మ్యూజిక్ ఎక్స్‌పో మొదలైంది. ప్రపంచంలో ఎక్కడా వినని వాద్యం కోసం, దాన్ని వంశపారంపర్యంగా మోసుకొస్తున్న మనిషి కోసం ఇలాంటి వేదికల నిర్వాహకులు కళ్లు కాయలు కాచేలా వెతుకుతారు. బిగ్‌సౌండ్‌లో కిన్నెర అమ్ముడుపోదు, అది రాక్, పాప్, హిప్‌హాప్ బేరం. ఏ సంతకు ఏ సరుకో తెలిసిన దళారి కావాలి. మొగులయ్యకూ అడిలైడ్‌కూ మధ్య ఖాళీగా ఉన్నది ఆ దళారి కుర్చీయే. దళారి అన్న మాటకు మన దగ్గర చెడ్డపేరుంది గానీ, ఈ రంగంలో ఆ మనిషి లేక నష్టపోతున్నది కళాకారుడే.

రాజస్థాన్ ఈ కుర్చీని నింపుకుంది. రాయ్‌స్టన్ ఏబెల్ 2006లో మాంగణియార్ గాయకులను ఎర్రటి తెరలున్న గూళ్లలో కూర్చోబెట్టి ‘మాంగణియార్ సెడక్షన్’ తయారుచేశాడు, అది దేశదేశాలు తిరిగింది. ఆ మరుసటి ఏడాదే జోధ్‌పూర్ మెహరాన్‌గఢ్ కోటలో అంతర్జాతీయ జానపద ఉత్సవం మొదలైంది. బయటివాళ్లు కోటకు వచ్చి లంగా, మాంగణియార్ల పాట వాళ్ల నేల మీదే విని, బేరం మాట్లాడుకుని వెళ్తున్నారు. ఈశాన్యంలో చిన్న రాష్ట్రం నాగాలాండ్ సంగీతానికే ఒక కార్యదళం పెట్టుకుంది. చెన్నైలో 2012లో ఇండీఎర్త్ ఎక్స్‌ఛేంజ్ అని స్వతంత్ర సంగీతానికి షోకేస్ ఒకటి జరిగింది. హైదరాబాద్‌లో ఐటీ కంపెనీలకు, సినిమాలకు, ముత్యాలకు బజారు ఉంది, సొంత పాట కట్టుకున్న బృందానికి లేదు.

అందుకే ఆస్ట్రేలియా నుంచి నేర్చుకోవలసిన పాఠం ‘మన బృందాలను బ్రిస్బేన్ పంపండి’ అని నేననుకోను. ముందు బ్రిస్బేన్ వాళ్లను ఇక్కడికి పిలవాలి. నలభై మంది బృందాన్ని, వెంట పదిమంది అధికారులను విమానంలో తిప్పే ఖర్చుతో వివిధ దేశాల నుంచి పాతికమంది ఫెస్టివల్ నిర్వాహకులను, ఏజెంట్లను మూడు రోజులు హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఉంచవచ్చు. చౌరస్తా తరహా బృందాలు, ర్యాప్ కుర్రాళ్లు, ఒగ్గుకథ, కోయల డోలు, కర్ణాటక సంగీతంలో కొత్త దారి తొక్కుతున్నవాళ్లు, ఒక్కొక్కరికి అరగంట. మంత్రుల ప్రసంగాలు వద్దు. ముఖ్యంగా, పాడేది సొంతపాటై ఉండాలన్న ఒక్క షరతు పెడితే చాలు, రాష్ట్రంలో సొంత పాట కట్టేవాళ్ల సంఖ్య దానంతటదే పెరుగుతుంది. మొదటి ఏడాది ఒక్క బేరమూ కుదరకపోవచ్చు. బిగ్‌సౌండ్‌కు ఇరవై ఏళ్లు దాటాయని గుర్తుంచుకుని, ఐదేళ్లకు డబ్బు, ఒకే బాధ్యుడు ఉండేలా జీవో ఇవ్వాలి. ఇది మన సచివాలయాల అలవాటుకు విరుద్ధమని తెలిసే రాస్తున్నాను.

ఆస్ట్రేలియా వైపు తలుపులు కొన్ని ఇప్పటికే తెరిచి ఉన్నాయి. 2022 డిసెంబరు 29 నుంచి అమల్లో ఉన్న వాణిజ్య ఒప్పందంలో మన యోగా గురువులకు, వంటవాళ్లకు కలిపి ఏటా 1,800 వీసాలకు చోటు దొరికింది. సంగీత కళాకారులకు అలాంటి వాటా రాలేదు, వాళ్లు మామూలుగా తాత్కాలిక కార్యకలాపాల వీసా మీదే వెళ్లాలి. 2023 మార్చిలో రెండు దేశాలూ దృశ్య శ్రవణ సహనిర్మాణ ఒప్పందం రాసుకున్నాయి, అది సినిమాలకు. సినిమాకు మెల్‌బోర్న్‌లో భారతీయ చిత్రోత్సవం కూడా ఉంది, 2024లో రామ్‌చరణ్‌ను అక్కడ సత్కరించారు. పాట గురించి అడిగే గొంతు ఢిల్లీ చర్చల్లో లేదన్నమాట. అయితే సిడ్నీ శివారు పారమట్టాలోని ఆస్ట్రేలియా-భారత సంబంధాల కేంద్రం ‘మైత్రి’ పేరుతో సాంస్కృతిక భాగస్వామ్యాలకు గ్రాంట్లు ఇస్తోంది. బిగ్‌సౌండ్ జరిగే బ్రిస్బేన్‌లోనే 2024లో మన కాన్సులేట్ తెరుచుకుంది. 2032 ఒలింపిక్స్ కూడా ఆ నగరంలోనే. ఒలింపిక్స్‌తో పాటు సాంస్కృతికోత్సవాలు నడుస్తాయి, వాటికి కళాకారుల ఎంపిక చాలా ముందే మొదలవుతుంది.

ఆస్ట్రేలియాను మరీ స్వర్గంగా చూపితే అబద్ధమవుతుంది. ఫార్టిట్యూడ్ వ్యాలీలో 1992 నుంచి నడిచిన ‘ది జూ’ అనే హాలు, ఎన్నో బృందాలకు తొలి వేదిక, 2024 జులైలో ఖర్చులు భరించలేక మూతపడింది. అదే ఏడాది స్ప్లెండర్ ఇన్ ద గ్రాస్ వంటి పెద్ద ఉత్సవం రద్దయింది. అమెరికా 2024 ఏప్రిల్‌లో కళాకారుల వీసా రుసుమును రెట్టింపుకు మించి పెంచింది, ఆస్టిన్ వెళ్లిరావడమంటే చిన్న బృందానికి అప్పులే. స్ట్రీమింగ్ వచ్చాక సొంత దేశపు హిట్ల పట్టికలోనే స్వదేశీ పాటలు పలచబడ్డాయని అక్కడి పరిశ్రమ మొత్తుకుంటోంది. ఇల్లు పలచబడితే రచ్చకు వెళ్లే సరుకు కూడా తగ్గుతుంది. మనకున్న బలం ఇక్కడే ఉంది. తెలుగు శ్రోతకు తెలుగు పాట మీద మోజు ఇసుమంత కూడా తగ్గలేదు.

చివరగా మన ప్రవాస సంఘాల వాళ్లతో ఒక మాట. మెల్‌బోర్న్‌లో 2010లో పుట్టిన ది బాంబే రాయల్ అనే బృందం హిందీ, బెంగాలీ పాటలు కట్టి, పాత హిందీ సినిమాల సంగీతపు రుచిని ఆస్ట్రేలియన్ శ్రోతకు పరిచయం చేసింది. అందులో భారతీయ మూలాల గాయనీగాయకులు, ఆస్ట్రేలియన్ వాద్యకారులు కలిసి వాయించారు. అలాంటిదే ఒక తెలుగు బృందం అదే నగరంలో టార్నీట్, పాయింట్ కుక్ లాంటి తెలుగు పేటల్లోని ఏదో ఇంటి గరాజులో ఇప్పుడు సాధన చేస్తూ ఉండవచ్చు. వీణ నేర్చుకున్న అమ్మాయి, బడిలో డ్రమ్స్ వాయించే అబ్బాయి, ఇంట్లో తెలుగు, బయట ఆస్ట్రేలియన్ యాస. మన కార్యక్రమాల్లో వాళ్లకు ఇస్తున్నది సినిమా పాటకు ఒక స్లాటు, ఓ జ్ఞాపిక. ఈసారి సంక్రాంతికో ఉగాదికో, స్టార్ గాయకుడు వేదికెక్కే ముందు ఆ పిల్లలకు అరగంట ఇవ్వండి, సొంత పాటలే పాడమనండి. ముఖ్య అతిథుల వరసలో నాలుగు కుర్చీలు తగ్గించి, స్థానిక కౌన్సిల్ ఉత్సవాలకు బృందాలను ఎంపిక చేసే ఉద్యోగినిని, పక్కవీధి హాలు మేనేజరును, కమ్యూనిటీ రేడియోలో పాటలు వేసే వాళ్లను కూర్చోబెట్టండి. భోజనాల దగ్గర వాళ్లకు పులిహోర వడ్డించేటప్పుడు, ఆ పిల్లల ఫోన్ నంబరు చేతిలో పెట్టండి.